కలిసి పనిచేసే చోట ప్రకృతి భేదం

ఇటీవల ఒక మధ్యవయస్కులు ఆమ్లపిత్తంతో బాధపడుతూ నా వద్దకు వచ్చారు. గుండెల్లో మంట, పుల్లని త్రేనుపులు, అర్ధరాత్రి దాటినా పట్టని నిద్ర. నాడి చూసి, ఆహార విహారాలు విచారించిన పిమ్మట ఆయన అసలు సంగతి చెప్పారు. "వైద్యులుగారూ, నా కింద ఏడుగురు పనిచేస్తారు. వారిలో ఆరుగురిని నావంటి చురుకైనవారినే ఏరి తీసుకున్నాను. అందరూ సమర్థులే. అయినా రోజూ తగవే."

మందు వ్రాసే ముందు, నా ఔషధశాలలో నేను చేసిన ఒక పొరపాటును ఆయనకు చెప్పాను. పాఠకులకు కూడా ఉపకరిస్తుందని ఇక్కడ వ్రాస్తున్నాను.

ప్రకృతి అంటే ఏమి?

చరక సంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో రోగిని పరీక్షించవలసిన పది విషయాలు చెప్పబడ్డాయి. వాటిలో మొదటిది ప్రకృతి. గర్భస్థ దశనుండే వాత, పిత్త, కఫాల పాళ్ళను బట్టి ఏర్పడే దేహస్వభావమే ప్రకృతి. ఒక్కొక్క దోషం ప్రధానమైనవి మూడు, రెండేసి దోషాలు కలిసినవి మూడు, మూడూ సమంగా ఉన్నది ఒకటి, వెరసి ఏడు.

వాతప్రకృతి గలవారు త్వరగా గ్రహిస్తారు, త్వరగా మరచిపోతారు, మాట, నడక వేగం, చలికి ఓర్వలేరు. పిత్తప్రకృతి గలవారికి ఆకలి, బుద్ధి, కోపం మూడూ తీక్ష్ణమే. కఫప్రకృతి గలవారు పనికి పూనుకోవడంలో నిదానం. పూనుకున్న పిమ్మట స్థిరం, సహనం వారి సొత్తు.

ఇది మంచిచెడ్డల నిర్ణయం కాదని గుర్తుంచుకోవాలి. మనస్తత్త్వ భేదాలను చరకుడు శారీరస్థానంలో వేరుగా, సాత్త్వికం 7, రాజసం 6, తామసం 3 చొప్పున మొత్తం 16 విధాలుగా వివరించాడు.

మాడిన తైలం

కొన్నేళ్ళ క్రితం, వానలకు ముందు, వాతరోగుల కోసం తైలం వండించాను. కల్కం 1 పాలు, తైలం 4 పాళ్ళు, ద్రవం 16 పాళ్ళు అనేది స్నేహపాకానికి సామాన్య నియమం. సన్నని సెగ మీద ఓపికగా కాచాలి. పాకం సిద్ధమైతే కల్కం వ్రేళ్ళ మధ్య వత్తిలా నలుగుతుంది, నిప్పులో వేస్తే చిటపటలాడదు. తైలంలో నురుగు పుడుతుంది. నెయ్యి అయితే నురుగు అణగుతుంది.

పొయ్యి వద్ద పిత్తప్రకృతి గల ఇద్దరిని నిలిపాను. ఇద్దరూ పనిమంతులే. మూడవవాడు కఫప్రకృతి, మితభాషి. అంతకు నెల ముందు అతణ్ణి అందరి ఎదుట 'సోమరి' అని ఉన్నాను. ఆనాడు సీసాలకు చీటీలు అంటించే పని అప్పగించాను.

మధ్యాహ్నవేళ నురుగు వచ్చిందని ఒకరు, రాలేదని ఒకరు వాదానికి దిగారు. పంతం కొద్దీ ఒకరు సెగ పెంచారు. నేను వచ్చేసరికి తైలం ఖరపాకం దాటి దగ్ధపాకమైంది. అటువంటి తైలం దేనికీ కొరగాదు. వారం రోజుల శ్రమ వృథా అయింది. మందు కోసం కాచుకున్న రోగులను ఉత్తచేతులతో పంపవలసి వచ్చింది.

సాయంత్రం ఆ మూడవవాడు నెమ్మదిగా అన్నాడు: "అయ్యా, మాడు వాసన నాకు ముందే తగిలింది. సోమరి మాట ఎవరు వింటారని ఊరుకున్నాను."

తైలాన్ని మాడ్చింది నా నోటిమాటే. ప్రకృతి తెలిసి పథ్యం చెప్పవలసిన వైద్యుణ్ణి, ప్రకృతి చూసి మనిషికి వెల కట్టాను. మరునాడు అందరి ఎదుటే అతణ్ణి క్షమించమని అడిగాను.

సమానం సమానాన్ని పెంచుతుందనీ, విరుద్ధం తగ్గిస్తుందనీ ఆయుర్వేద సూత్రం. పిత్తానికి పిత్తం తోడైతే మంటే. అప్పటినుండి పొయ్యి వద్ద నిదానస్థుణ్ణి, తూకం వద్ద తీక్ష్ణబుద్ధిని ఉంచుతున్నాను. మూలికల సేకరణకు వాతప్రకృతి గల కుర్రవాణ్ణి పంపుతున్నాను. వీటన్నిటికీ పైన ఒక నియమం పెట్టాను: వాసన తేడాగా తోస్తే ఎవరైనా సరే, ఎవరినీ అడగకుండా మంట తీసివేయవచ్చు.

ఇంగ్లండులో మెరెడిత్ బెల్బిన్ అనే పరిశోధకుడు 1981లో ప్రచురించిన గ్రంథంలో కూడా ఇటువంటి విషయమే కనిపిస్తుంది. మిక్కిలి తెలివైనవారినే చేర్చి కూర్చిన జట్లు తరచుగా వాదాలలో పడి వెనుకబడ్డాయని ఆయన గమనించాడు.

ఆచరణలో

పగటి మొదటి భాగం కఫానికి, నడిమి భాగం పిత్తానికి, చివరి భాగం వాతానికి బలమైన కాలం. కనుక తగవు పుట్టగల విషయాన్ని మిట్టమధ్యాహ్నం ఖాళీ కడుపుతో చర్చించరాదు. ఉదయం కూర్చోండి. తక్కువ మాట్లాడేవారిని ముందుగా అడగండి.

పిత్తప్రకృతి గలవారు వేళ తప్పక భుజించాలి. చెంచాడు ధనియాలు నలగగొట్టి, గ్లాసెడు నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడకట్టి త్రాగవచ్చు. వాతప్రకృతి గలవారు వేడి భోజనం చేయాలి. పడుకునే ముందు అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించుకోవాలి. కఫప్రకృతి గలవారు పగటినిద్ర మాని, ఉదయం నడవాలి. శొంఠి వేసి కాచిన నీరు వారికి హితం. మంట తగ్గకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా గృహవైద్యంతో కాలయాపన చేయక వైద్యుణ్ణి చూడాలి.

ఒకరి ప్రకృతిని మనం మార్చలేము. ఆ ప్రకృతికి తగిన చోటు చూపడం, అతని మాటకు చెవి ఒగ్గడం మన చేతిలోని పని.

ఇదంతా విని ఆ రోగి మందుచీటీ మడిచి జేబులో పెట్టుకుంటూ, "మా వద్ద లెక్కలు వ్రాసే పెద్దావిడ ఒకరున్నారు. నిదానస్థురాలు. ఆమెను ఇంతవరకు ఏ విషయమూ అడగలేదు" అన్నారు.

"రేపు ఉదయం అడగండి" అన్నాను.