డ్రమ్ములో సొరపాదు

ఊళ్లో నాగలి పట్టిన చేతులే నాచారంలో మిషన్లు నడుపుతున్నాయి. జనగాం, భువనగిరి వైపు నుంచి పని వెతుక్కుంటూ బస్సెక్కినవాళ్లు నగరంలో ముందుగా చేరేది ఉప్పల్‌కే. ఇవీ ఒకప్పుడు ఊళ్లే. ఉప్పల్ నల్లచెరువు, నాచారం పెద్దచెరువు కింద సేద్యం సాగింది. తర్వాత ఫ్యాక్టరీలొచ్చాయి, ప్లాట్లొచ్చాయి. 2007లో ఉప్పల్ మున్సిపాలిటీని జీహెచ్ఎంసీలో కలిపారు. జానెడు నేల లేని కూలికి ఇక్కడ కొత్తిమీర కట్ట కూడా కొనుక్కునేదే.

నగరానికి దిగువన మూసీ మురుగునీటితో పశువుల గడ్డి, ఆకుకూరలు పండుతున్నాయి. ఆ రైతును తప్పుపట్టి లాభం లేదు. నీళ్లను పాడుచేసింది అతను కాదు.

కాబట్టి డాబా మీదో గుమ్మం పక్కనో నాలుగు పాదులు పెట్టుకోవడం పెద్దింటోళ్ల సరదా అని కొట్టిపారేయకూడదంటున్నాం. సొర (మన వైపు ఆనిగెపుకాయ), బీర, పొట్ల వంటి తీగలకు యాభై లీటర్ల డ్రమ్ము కావాలి. తోటకూర, పాలకూరకు జానెడు లోతు తొట్టి చాలు. సిమెంటు సంచిలో వంగ, మిరప కాస్తాయి. అడుగున నీరు పోయేందుకు బొక్కలు పెట్టి, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి నింపాలి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పాత సామాన్ల దుకాణంలో నీలం డ్రమ్ము చవగ్గా దొరికితే అందులో ముందు ఏముండేదో అడగండి. రసాయనాలు పోసిన డ్రమ్ము ఎన్నిసార్లు కడిగినా వద్దు. ఫ్యాక్టరీలో పీల్చేది చాలు, అన్నంలోకి కూడా ఎందుకు?

పిందె పసుపెక్కి రాలితే తెగులని మందు కొట్టకండి. చాలాసార్లు అది పరాగం అందక రాలుతుంది. పూవు వెనక చిన్న పిందె ఉంటే ఆడది, సన్నని కాడే ఉంటే మగది. మొదట వచ్చేవన్నీ మగపూలే, కంగారు వద్దు. మగపూవు తెంపి ఆడపూవుకు అద్దితే కాయ నిలుస్తుంది. సొర, బీర పూలు విచ్చేది పొద్దుగూకేటప్పుడు; షిఫ్టు దిగొచ్చి చేసుకునే పనే. గుమ్మడికైతే తెల్లవారకముందే లేవాలి.

అద్దె ఇంట్లో డాబా మనదా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తడిసిన మట్టి డ్రమ్ము అరవై డెబ్బై కిలోలు తూగుతుంది, ఓనరు ఊరుకోడు. ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యానశాఖ పెట్టిన ‘మన ఇంటి కూరగాయలు’ పథకంలో కిట్టు సగం ధరకు ఇచ్చారు. మిగతా సగం చేతిలో, డాబా నెత్తిమీద ఉన్నవాడికే అది అందింది.

క్యూబాలో 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయి చమురు, ఎరువులు ఆగిపోయినప్పుడు హవానా జనం ఖాళీ జాగాల్లో మళ్లు కట్టి కూరగాయలు పండించారు. అక్కడ సాగుచేసేవాళ్లకు ప్రభుత్వమే నేల ఇచ్చింది. ఇక్కడ ప్రహరీలు కట్టిన ప్లాట్లలో సర్కారుతుమ్మ పెరుగుతోంది.

సొర గింజలు తొలకరికి, మళ్లీ సంక్రాంతి తర్వాత పెట్టొచ్చు. ముందురాత్రి నానబెట్టండి. డ్రమ్ముకు రెండు మొక్కలు మించనీయకండి.