వింబుల్డన్ క్యూ

వింబుల్డన్ క్యూ అనగా లండన్ నగరంలో ప్రతి వేసవిలో జరిగే వింబుల్డన్ టెన్నిస్ పోటీలకు ఏ రోజు టికెట్టును ఆ రోజే కొనగోరి ప్రేక్షకులు నిలిచే వరుస. పెద్ద క్రీడోత్సవాలలో మంచి సీట్లు సాధారణంగా ముందుగానే అమ్ముడుపోతాయి. పలుకుబడి, అధిక ధనము లేని సామాన్యుడు సైతం ఓపిక ఉన్నచో సెంటర్ కోర్టులో కూర్చోగలగడం ఈ వరుస ప్రత్యేకత. ఆంగ్లేయులకు క్యూలో నిలబడటం ఒక వ్యసనమని పరిహాసంగా అంటారు గాని, దీని వెనుక కట్టుదిట్టమైన నియమావళి కలదు.

నేపథ్యం

1877లో వోర్పుల్ రోడ్డు మైదానంలో జరిగిన మొదటి వింబుల్డన్ ఫైనలును మనిషికి ఒక షిల్లింగు చొప్పున చెల్లించి సుమారు 200 మంది చూశారు. 1922లో పోటీలు చర్చి రోడ్డులోని ప్రస్తుత మైదానానికి తరలినవి. ఆదరణ పెరగడంతో 1924లో టికెట్లకు లాటరీ పద్ధతిని ప్రవేశపెట్టారు. లాటరీలో ఎంపికైనవారు తమకు కేటాయించిన రోజును, కోర్టును అంగీకరించవలసిందే. కోరుకొనే వీలు లేదు. మరొక మార్గం డిబెంచరు. మైదానం ఏర్పాటుకు నిధుల కోసం 1920లో మొదలైన ఈ పద్ధతిలో ఐదేళ్ళ కాలానికి ప్రతి రోజూ ఒక సీటు లభిస్తుంది. 2026-2030 కాలానికి సెంటర్ కోర్టు డిబెంచరు ధర 1,16,000 పౌండ్లు. అదృష్టము, ధనము రెండూ లేనివారికి మిగిలిన మార్గమే క్యూ.

క్యూ నడిచే తీరు

మైదానానికి ఎదురుగా ఉన్న వింబుల్డన్ పార్కులో ఈ వరుస ఏర్పడుతుంది. చివర చేరిన ప్రతి వ్యక్తికీ సిబ్బంది తేదీ, వరుస సంఖ్య గల కార్డును ఇస్తారు. ఇది ఒకరి నుండి మరొకరికి బదిలీ కాదు. రాని స్నేహితుని కోసం చోటు పట్టి ఉంచరాదు. మరుగుదొడ్డికో, ఆహారానికో వెళ్ళినవారు అరగంటలోగా తిరిగి రావలెను. మొదటి స్థానాలు ఆశించేవారు ముందు రోజే వచ్చి గుడారాలు వేసుకొని నిద్రిస్తారు. గుడారం ఇద్దరికి మించి ఉండరాదు. నిప్పు రాజేసి వంట చేయరాదు. తెల్లవారుజామున సిబ్బంది అందరినీ నిద్రలేపగా, గుడారాలు విప్పి సామాను భద్రపరచు చోట అప్పగించి, దగ్గరగా వరుసలో నిలుస్తారు.

సెంటర్ కోర్టు, ఒకటవ కోర్టు, రెండవ కోర్టులకు సుమారు 500 చొప్పున టికెట్లు క్యూలోనివారికి కేటాయిస్తారు. ముందున్నవారు తమకు నచ్చిన కోర్టును ఎంచుకోగా, గుర్తుగా మణికట్టుకు పట్టీ కడతారు. చివరి నాలుగు రోజులలో మాత్రం సెంటర్ కోర్టు టికెట్లు ఇక్కడ లభించవు. మనిషికి ఒక్క టికెట్టే.

ఇది పూర్తి సమానత్వమని చెప్పలేము. సెలవు దొరకని శ్రామికునికి, నేలపై పడుకోలేని వృద్ధునికి రాత్రి జాగారం కూడా ఖరీదైనదే. అయినా పార్కులో ధనికుని కార్డుకూ, విద్యార్థి కార్డుకూ తేడా సంఖ్యలోనే ఉంటుంది.

1991లో వర్షాల వలన ఆటలు వెనుకబడగా, అంతవరకు విరామంగా ఉన్న మధ్య ఆదివారం తొలిసారి పోటీలు జరిపారు. ముందస్తు టికెట్లు లేనందున క్యూలో వచ్చినవారితోనే సెంటర్ కోర్టు నిండింది. 1997, 2004లలోనూ ఇట్లే జరిగినది. 2022 నుండి ఆ రోజు సాధారణ ఆట దినమైనది. కోవిడ్ కారణంగా 2020లో పోటీలు రద్దయినవి. 2021లో క్యూ లేదు.

గ్రౌండ్స్ పాస్

పెద్ద కోర్టుల టికెట్లు అందనివారు గ్రౌండ్స్ పాస్ కొంటారు. దీనిని తక్కువగా చూడరాదు. మొదటి వారంలో చిన్న కోర్టుల పక్కన నిలబడితే సర్వీసు వేగం, బంతి శబ్దం, క్రీడాకారుల ఊపిరి కూడా తెలుస్తాయి. రెండవ వారంలో జూనియర్ల ఆటలు చూడవచ్చు. హైదరాబాదుకు చెందిన సానియా మీర్జా 2003లో అలీసా క్లెయ్‌బనోవాతో కలిసి బాలికల డబుల్స్ గెలిచినది. 2015లో మార్టినా హింగిస్‌తో మహిళల డబుల్స్ సాధించినది.

ఏ కోర్టులోనైనా పాయింటు జరుగుతుండగా మాట్లాడరాదు, లేవరాదు. క్రీడాకారులు వైపులు మారేటప్పుడే లోనికి అనుమతిస్తారు. వాన వచ్చినచో కప్పు గల సెంటర్ కోర్టు (2009 నుండి), ఒకటవ కోర్టు (2019 నుండి) తప్ప మిగిలినచోట్ల ఆట ఆగుతుంది.

పెద్ద కోర్టుల నుండి త్వరగా వెళ్ళిపోయేవారు వదిలిన టికెట్లను 1954 నుండి లోపల ఉన్నవారికి తక్కువ ధరకు తిరిగి అమ్ముతున్నారు. ఆ సొమ్ము దాతృత్వానికి వెళుతుంది. కావున గ్రౌండ్స్ పాస్ గలవారు సాయంత్రం వరకు ఆగితే సెంటర్ కోర్టు సీటు లభించే అవకాశం కలదు.