వీధిపిల్లుల లెక్క

పిల్లలూ, పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలంటారు. అటక మీద కూనలను పెట్టిన పిల్లి నాలుగు రోజులయేసరికి వాటిని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని పక్కింటికి చేరుస్తుంది. అక్కడ అలికిడి అయితే ఆ పై ఇంటికి పోతుంది. ఈ సంగతి మీలో చాలామంది కళ్ళారా చూసే ఉంటారు. ఇప్పటి పట్నాలలో అటకలూ, కట్టెల గదులూ అరుదు గనక, పిల్లులు మేడమెట్ల కిందా, మోటారు సైకిళ్ళు పెట్టే షెడ్డులోనూ, నీళ్ళ ట్యాంకు పక్కనా తావు చూసుకుంటవి.

ఏడాది తిరిగేసరికి ఒక్క పిల్లి ఉన్నచోట ఆరేడు కనిపిస్తవి. అప్పుడు వీధిలో వాదం బయలుదేరుతుంది. "రాత్రుళ్ళు గండుపిల్లుల అరుపులతో నిద్ర లేదు, గుమ్మం ముందు ఒకటే కంపు, వంటింట్లో పాలు మూత పెట్టినా దక్కటం లేదు," అంటారు కొందరు. "పాపం, నోరులేని జీవాలు! ఎలకలను పడుతున్నవి గదా!" అంటారు మరికొందరు. ఈ రెండు మాటలూ నిజమే. పిల్లులు హెచ్చితే మనకే గాక పిచికలకూ, ఉడతలకూ కూడా కష్టమే. పిల్లులను కొట్టినా, విషం పెట్టినా పాపమే గాక నేరం కూడాను.

మరి ఆ జంతువులకు బాధ లేకుండా వాటి సంఖ్య తగ్గించటం సాధ్యమా? సాధ్యమే. అయితే దానికి ముందు ఒక లెక్క తెలియాలి. మీరు చెయ్యగల లెక్కే. కాగితమూ, పెన్సిలూ తీసుకోండి.

ఆడపిల్లి అయిదారు నెలల వయసులోనే చూలు కట్టగలదు. తొమ్మిది వారాలు, అంటే సుమారు 63 రోజులు మోసి కూనలను పెడుతుంది. కాన్పుకు మూడు మొదలు అయిదు దాకా కూనలుంటవి. ఏడాదికి రెండు కాన్పులు మామూలు. మూడు కూడా కావచ్చు. మన లెక్కకు ఆరు నెలలకు ఒక కాన్పనీ, కాన్పుకు 4 కూనలనీ, అందులో 2 ఆడవనీ అనుకుందాం. పుట్టిన కూన తల్లి కావటానికి ఏడాది పడుతుందనీ అనుకుందాం.

మొదటి ఆరు నెలలలో పుట్టేవి 4 కూనలు. రెండవ ఆరు నెలలలో మరి 4. మూడవ ఆరు నెలలలో పాత తల్లితోబాటు మొదటి కాన్పులోని రెండు ఆడపిల్లులు కూడా తల్లులవుతవి. తల్లులు మూడయినవి గనక కూనలు 12. ఇలాగే నాలుగవ ఆరు నెలలలో 5 తల్లులకు 20 కూనలు, అయిదవసారి 11 తల్లులకు 44, ఆరవసారి 21 తల్లులకు 84. అన్నీ కూడండి. మూడేళ్ళలో ఒక్క పిల్లి సంతానం 168!

ఇది కాగితం మీది లెక్కే గదా అంటారేమో. ఆఫ్రికా ఖండానికి దక్షిణంగా, నడిసముద్రంలో మారియన్ అనే దీవి ఉన్నది. అక్కడ పనిచేసే వారికి చుంచెలకల బాధ ఎక్కువయింది. వాటిని పట్టటానికని 1949లో అయిదు పిల్లులను తెచ్చారు. అక్కడ సముద్రపు పక్షులు నేలలో బొరియలు చేసుకుని గుడ్లు పెడతవి. పిల్లులకు కావలసినంత తిండి దొరికింది. 1977 నాటికి ఆ దీవిలో పిల్లులు సుమారు 3,400 అయినవి!

మన వీధులలో పిల్లులు ఇలా వేలకు పెరగటం లేదేమని మీకు అనుమానం రావచ్చు. దీనికి కారణం విచారకరమైనది. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో పశువైద్యులు 169 వీధిపిల్లి కూనలను గమనించి, ఆ వివరాలను 2004లో ప్రకటించారు. ఆరు నెలలు నిండేలోపల వాటిలో 127 కూనలు చచ్చిపోవటమో, కనిపించకుండా పోవటమో జరిగింది. అంటే నాలుగింట మూడు వంతులన్న మాట. కొన్నిటిని కుక్కలు చంపినవి. కొన్ని బళ్ళ కింద పడినవి. వీధిలో పిల్లుల సంఖ్య అదుపులో ఉన్నట్టు కనిపిస్తే, చాలా కూనలు పుట్టి చస్తున్నవని అర్థం. పుట్టిన తరువాత ఇలా చావటం కంటె, అసలు అన్ని కూనలు పుట్టకుండా చూడటం మేలు గదా!

చాలామందికి తోచే ఉపాయం వేరొకటి ఉన్నది. పిల్లులను గోతంలో వేసి మూతి కట్టి, ఊరవతల ఏ చేపల బజారులోనో వదిలిపెట్టి వస్తారు. దీనివల్ల ఏమవుతుందో చూడండి. మీ వీధిలో చెత్తకుండీ ఉన్నది, ఎలకలున్నవి, దాక్కునే తావులున్నవి. పిల్లులను అక్కడికి రప్పించినవి ఇవే. పాత పిల్లులు పోయినా ఇవి పోలేదు. అంచేత పక్క వీధి పిల్లులు వచ్చి చేరుతవి. పట్టుబడకుండా మిగిలిన పిల్లికి పోటీ తగ్గి, కడుపునిండా తిండి దొరికి, దాని కూనలు ఎక్కువగా బతుకుతవి. కొద్ది మాసాలకే పిల్లులు మళ్ళీ ఎప్పటిలాగే ఉంటవి. ఊరవతల వదిలిన పిల్లులు మాత్రం తెలియని చోట ఆకలికి మాడుతవి.

మారియన్ దీవిలో చివరకు ఏమి చేశారో కూడా చెప్పాలి. పక్షిజాతులు నశించి పోతున్నవని, పిల్లులకు రోగం అంటించీ, తుపాకులతో కాల్చీ, బోనులు పెట్టీ వాటిని నిర్మూలించారు. 1977లో మొదలుపెడితే 1991కి గాని పని పూర్తికాలేదు. పూర్తయిన తరువాత మళ్ళీ పిల్లులు రాలేదు, ఎందుకంటే చుట్టూ సముద్రం ఉన్నది. మన వీధి చుట్టూ సముద్రం లేదు. చంపినా, తరిమినా ఇంకొకటి వస్తూనే ఉంటుంది.

ఉన్న పిల్లులను ఉన్నచోటనే ఉంచి, వాటికి సంతానం కలగకుండా చెయ్యటం ఒక పద్ధతి. దీన్ని అనేక దేశాలలో అనుసరిస్తున్నారు. ఎలకల బోను వంటిదే పెద్ద బోను ఒకటి తెచ్చి, అందులో చేపముక్క పెడతారు. పిల్లి లోపలికి పోయి రేకు మీద కాలు వెయ్యగానే తలుపు పడుతుంది. వెంటనే బోను మీద దుప్పటి కప్పుతారు. చీకటిలో పిల్లి బెదురు మాని నెమ్మదిస్తుంది. పశువైద్యుడు దానికి మత్తుమందు ఇచ్చి ఆపరేషను చేస్తాడు. ఆడపిల్లికి అండాశయాలూ, గర్భసంచీ తీసేస్తాడు. మగపిల్లికి వృషణాలు తీసేస్తాడు. మత్తులో ఉండగా వాటికి నొప్పి తెలియదు. పిచ్చికుక్క జబ్బు రాకుండా టీకా కూడా వేస్తారు. ఒకటి రెండు రోజులు కనిపెట్టి చూసి, పట్టిన చోటనే తిరిగి వదులుతారు.

వదిలే ముందు, ఇంకా మత్తులో ఉండగానే, ఎడమ చెవి కొసను కొద్దిగా, ఒక సెంటీమీటరుకు మించకుండా, నిటారుగా కత్తిరిస్తారు. ఇదేమి క్రూరత్వమని అనుకోకండి. ఆపరేషను అయిన పిల్లికి అది గుర్తు. ఆ గుర్తు లేకపోతే అదే పిల్లిని మళ్ళీ పట్టి, మళ్ళీ మత్తుమందిచ్చి, కడుపు కొయ్యటం జరగవచ్చు. దూరం నుంచి చూసినా తెలిసే గుర్తు చెవి ఒక్కటే.

ఆపరేషను అయిన గండుపిల్లులు పోట్లాటలు తగ్గిస్తవి. రాత్రి అరుపులూ, గోడల మీద చల్లే కంపూ చాలావరకు తగ్గుతవి. పిల్లులు తమ చోటు వదలవు, ఎలకలను పట్టటం మానవు. కొత్త కూనలు మాత్రం పుట్టవు. అయితే గుంపులో ఒకటి రెండిటికి చేసి ఊరుకుంటే లాభం లేదు. మన లెక్కలోనే చూశారు, ఒక్క ఆడపిల్లి చాలు! నూటికి డెబ్భైకి పైగా పిల్లులకు ఆపరేషను అయితేనే సంఖ్య దిగటం మొదలవుతుంది.

ఇది జరిగిన ఊరొకటి ఉన్నది. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రంలో న్యూబరీపోర్ట్ అనే రేవుపట్నం ఉన్నది. 1992లో ఆ రేవు ఒడ్డున సుమారు 300 వీధిపిల్లులు ఉండేవి. కొందరు ఊరివాళ్ళు పూనుకుని, వాటిని పట్టి ఆపరేషన్లు చేయించారు. కూనలనూ, సాధువయిన పిల్లులనూ పెంచుకునేవారికి ఇచ్చారు. తక్కిన వాటికి రేవులోనే ఒక వేళకు తిండి పెడుతూ వచ్చారు. ఏటేటా సంఖ్య తగ్గింది. ఆఖరుకు మిగిలిన పిల్లి పేరు జోరో. అది 2009లో ముసలితనాన చనిపోయింది. ఒక్క పిల్లినీ తరమకుండా, పదిహేడేళ్ళలో 300 సున్నా అయింది.

ఇటలీ రాజధాని రోమ్ కథ ఇంకొక విధంగా నడిచింది. ఆ నగరం నడిబొడ్డున టోర్రె అర్జెంటీనా అనే చోట పాత కట్టడాల శిథిలాలున్నవి. జూలియస్ సీజరును హత్య చేసింది అక్కడనే. ఇప్పుడు ఆ రాళ్ళ మధ్య పిల్లులు ఎండ కాచుకుంటవి. 1991లో ఇటలీ ప్రభుత్వం, వీధిపిల్లులను చంపరాదనీ, ఆపరేషను చేసి వాటి చోటనే వదలాలనీ శాసనం చేసింది. 2000 వరకు పదేళ్ళలో రోమ్‌లో సుమారు 8,000 పిల్లులకు ఆపరేషన్లు జరిగినవి. తరువాత 103 గుంపులను పరీక్షించి చూస్తే, పిల్లులు నూటికి 16 నుంచి 32 దాకా మాత్రమే తగ్గినవి. ఎందుచేత? ఆ గుంపులలో నూటికి 21 పిల్లులు బయటినుంచి కొత్తగా వచ్చి చేరినవే! వాటిలో జనం ఇళ్ళలో పెంచి, విసుగు పుట్టి వదిలేసినవి కూడా ఉన్నవి. చిల్లికుండలో నీళ్ళు పోసినట్టయింది. వైద్యులు ఒకవైపు తగ్గిస్తూంటే, జనం మరొకవైపు పెంచుతూ వచ్చారు. దీన్ని పరీక్షించిన శాస్త్రజ్ఞులు, ఇళ్ళలో పిల్లులను పెంచేవారికి బుద్ధి చెప్పకుండా ఎన్ని ఆపరేషన్లు చేసినా డబ్బు దండగేనన్నారు.

కనక ఈ లెక్కలో అసలు కీలకం మన ఇళ్ళలోనే ఉన్నది. తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు ముచ్చటపడి పిల్లికూనను తెస్తే, ఉంచుకోవటమా మానటమా అనేది ఆ రోజే తేల్చండి. ఉంచుకుంటే నాలుగయిదు నెలలు నిండగానే పశువుల ఆస్పత్రికి తీసుకుపోయి ఆపరేషను సంగతి అడగండి. "ఒక్క కాన్పు కానీ, తరువాత చూద్దాం," అనుకుంటే, ఆ నాలుగు కూనలూ ఎక్కడికి పోతవో ఆలోచించండి. పెంచిన పిల్లిని ఆకలికి మాడేలాగా వదిలిపెట్టటం మన దేశంలో చట్టరీత్యా నేరం. 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టంలో ఈ మాట స్పష్టంగా ఉన్నది. ఆ చట్టం కోసం ఎంతో పాటుపడినవారు ప్రసిద్ధ నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్. వీధి జంతువుల కోసం పనిచేసే సంఘాలు కూడా ఉన్నవి. హైదరాబాదులో అక్కినేని అమల 1992లో స్థాపించిన బ్లూ క్రాస్ అటువంటిదే.

పిల్లలూ, ఇక మీరు చెయ్యగల పనులు. మీరు స్వయంగా పిల్లులను పట్టబోకండి. బెదిరిన పిల్లి కరుస్తుంది, రక్కుతుంది. ఒకవేళ కరిచినా, రక్కినా ఇంట్లో దాచకండి. వెంటనే ఆ గాయాన్ని ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పెద్దవాళ్ళతో ఆస్పత్రికి వెళ్ళండి. పసుపూ, కారమూ, సున్నమూ రాయకూడదు.

తిండి పెట్టదలిస్తే రోజూ ఒకే వేళకు, ఒకే చోట పెట్టండి. తిన్న తరువాత మిగిలినది తీసేయండి. అలా అయితే చీమలూ, ఎలకలూ చేరవు, పొరుగువారికి కోపమూ రాదు. వేళకు తిండికి వచ్చే పిల్లిని బోనులో పట్టటం కూడా సులభం. పాలు పొయ్యటం ఎందుకు, మంచినీళ్ళు పెట్టండి. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటవి. చెత్తకుండీకి మూత ఉండేలా చూడమని ఇంట్లో చెప్పండి. కూనలు కనిపిస్తే ముట్టుకోక ముందు కొంతసేపు దూరంగా ఉండి చూడండి. తల్లి తిండి కోసం పోయి ఉండవచ్చు. రెండవ వారం నుంచి ఏడవ వారం దాకా కూనలు మనుషులకు సులభంగా మాలిమి అవుతవి. ఆ వయసులోనే పెంచుకునే ఇల్లు వెతకాలి.

అన్నిటికంటె ముఖ్యమైన పని ఒకటి ఉన్నది. ఒక పుస్తకంలో మీ వీధి పిల్లుల పట్టిక రాయండి. ఒక్కొక్కదాని రంగు, అది కనిపించే చోటు, చెవి కొస కత్తిరించి ఉన్నదా లేదా, కూనలు ఉన్నవా లేవా. పక్కింటి పిల్లలను కూడా కలుపుకోండి. ఆస్పత్రివారిని గాని, జంతు సంఘం వారిని గాని పెద్దలు పిలిచినప్పుడు, వాళ్ళు మొదట అడిగే ప్రశ్న "పిల్లులు ఎన్ని?" అని. దానికి "చాలా ఉన్నవండీ" అంటే ఎవరికీ ప్రయోజనం లేదు. "పదకొండండీ, చెవి గుర్తు ఉన్నవి నాలుగు, చూలుతో ఉన్నది ఒకటి," అని చెప్పగలిగిన వీధిలో పని మర్నాడే మొదలుపెట్టవచ్చు.