కారుకు హెడర్ గొట్టాలు: లాభమెంత, చిక్కులేమిటి?

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు కుటుంబాలలో ఎందరో యువకులు వాహన కర్మాగారాలలోనో, వాటికి విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమలలోనో పని చేస్తున్నారు. పానా పట్టిన చేయి ఊరకుండదు. పాత కారు ఒకటి కొనడం, సెలవు దినాన దానిని ఇంటి ముంగిట విప్పడం వారికొక ముచ్చట. ఈ ముచ్చటలో తరచుగా వినవచ్చే మాట ‘హెడర్’. కంపెనీవారు అమర్చిన మానిఫోల్డును తీసి, బజారులో దొరికే హెడర్ గొట్టాలను బిగిస్తే బండికి వేగం వస్తుందని, శబ్దం గంభీరంగా ఉంటుందని వారి నమ్మకం. ఇందులో నిజమెంత, అపాయమెంత అన్నది తల్లిదండ్రులు కూడా తెలిసికొనవలసిన సంగతి. చాలా ఇండ్లలో ఖర్చు భరించేది వారే కదా!

ముందుగా ఈ భాగం చేసే పని ఏమిటో చూద్దాం. ఇంజనులో పెట్రోలు మండిన తరువాత పుట్టే పొగ, మనవారి పొగ, తమిళుల పుగై, కన్నడిగుల హొగె, మూడూ ఒకే మాటకు రూపాంతరాలు. ఈ పొగ సిలిండరు నుండి వెలువడి మొట్టమొదట చేరేది మానిఫోల్డులోనికి. అది సామాన్యంగా పోత ఇనుముతో చేసిన పొట్టి గొట్టాల గుత్తి. అక్కడి నుండి సైలెన్సరుకు, వెనుక గొట్టానికి పోతుంది.

పొగ నీటి ధార వలె ఎడతెగక రాదు, దెబ్బలు దెబ్బలుగా వస్తుంది. ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క సిలిండరు క్షణానికి 25 సార్లు పొగను బయటికి నెడుతుంది. నాలుగు సిలిండర్లకు కలిపి క్షణానికి 100 దెబ్బలు. పొట్టి మానిఫోల్డులో ఒక సిలిండరు నుండి వచ్చిన దెబ్బ పక్క సిలిండరు దారికి అడ్డుపడుతుంది. హెడరులో ప్రతి సిలిండరుకు వేరుగా, దాదాపు సమానమైన పొడవుతో ఒక గొట్టం ఉంటుంది. ఒక దెబ్బ వేగంగా సాగిపోయినప్పుడు దాని వెనుక ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గుదల సరియైన సమయానికి కవాటం వద్దకు చేరితే సిలిండరులో మిగిలిన పొగను ఊడ్చినట్లు లాగివేస్తుంది. గొట్టాల పొడవులోని రహస్యమంతా ఇదే.

నాలుగు గొట్టాలు ఒకేసారి ఒకటిగా కలిసే అమరిక అధిక వేగంలో మేలు చేస్తుంది. ఒకటి-నాలుగు, రెండు-మూడు జంటలుగా కలిసి, ఆ తరువాత రెండు జంటలూ ఒకటయ్యే అమరిక మధ్యవేగంలో మేలు. మన గతుకుల రోడ్లపై నడిచే కారు ఇంజను ఎక్కువకాలం తక్కువ, మధ్యవేగాలలోనే ఉంటుంది. కనుక మొదటి రకం ఇక్కడ పెద్దగా పనికిరాదు. రెండవ రకం కూడా, ఇంధనం కొలత, గాలి దారి మార్చకుండా ఒంటరిగా బిగిస్తే ఇచ్చే అదనపు శక్తి స్వల్పం. శబ్దం పెరిగినందువల్ల శక్తి పెరిగినట్లు తోస్తుందని నా అభిప్రాయం.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. 1995లో నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కెటాలిటిక్ కన్వర్టరు తప్పనిసరి అయినది. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలు మాత్రమే అమ్మకానికి వచ్చినది. సీసం ఈ కన్వర్టరుకు విషం వంటిది. తేనెతుట్టె వంటి దీని గదులపై ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడు వంటి విషవాయువులను అది చాలవరకు హానిలేని వాయువులుగా మారుస్తుంది. అయితే అది వేడెక్కితే తప్ప పని చేయదు. త్వరగా వేడెక్కాలని చాలా కొత్త కార్లలో దానిని మానిఫోల్డుకు అంటించినట్లే అమరుస్తారు. అటువంటి కారులో మానిఫోల్డు తీసి హెడర్ వేయడమంటే కన్వర్టరును పారవేయడమే. వెంటనే ముందు పలకపై ఇంజను దీపం వెలుగుతుంది. భారత్ స్టేజ్-4, 6 పెట్రోలు కార్లకు నిదానపు పరుగులో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం దాటకూడదు. కన్వర్టరు లేని కారు ఈ పరీక్షలో నెగ్గడం దుస్సాధ్యం.

చట్టం విషయమూ చెప్పవలెను. మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని స్పష్టం చేసినది. అదే ఏటి సవరణతో మారిన 182-ఎ విభాగం క్రింద అనుమతి లేని ప్రతి మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధించవచ్చును. శబ్ద, వాయు కాలుష్య నియమాలు మీరి నడిపితే 190వ విభాగం క్రింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, అంతేగాక మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ఇది కేంద్ర చట్టం. చెక్‌పోస్టు దాటి చిత్తూరు వైపు పోయినా, అత్తిబెలె దాటి బెంగళూరు వైపు పోయినా మారదు. అక్కడికక్కడ కట్టించుకొనే రాజీ రుసుము మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారవచ్చును.

పిల్లలు ఫోనులో చూచే వీడియోలు ఎక్కువగా అమెరికావి. అక్కడ కూడా కాలిఫోర్నియాలో అధికారిక అనుమతి సంఖ్య లేని హెడరును రోడ్డు బండికి బిగించరాదన్న మాట ఆ వీడియోలలో సాధారణంగా రాదు. హెడరుకు తగిన చోటు రేసు మైదానం. శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో అట్టివి ఉన్నాయి. రోడ్డు బండికి మానిఫోల్డు పగిలితే కంపెనీ మానిఫోల్డే వేయవలెను. రెంటిలో ఏది బిగించినా పని విధానం ఒక్కటే గనుక దానిని వివరిస్తాను.

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే చేయి పెట్టవలెను. బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పవలెను. కారు క్రిందికి దూరవలసి వస్తే జాకీ ఒక్కదానిని నమ్మరాదు. ఇటుకలు, హాలో బ్లాకులు పేర్చడం మన ఊళ్ళలో అలవాటు. అవి ముందు చెప్పకుండా పగిలిపోతాయి. ఇనుప స్టాండ్లు ఇరువైపులా పెట్టి, వెనుక చక్రాలకు అడ్డు వేసిన పిమ్మటనే క్రిందికి పోవలెను.

నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచవలెను. బిగిసిన నట్టును బలవంతంగా తిప్పితే స్టడ్డు సిలిండర్ హెడ్డులోనే విరుగుతుంది. దానిని తీయడానికి అయ్యే ఖర్చు ఒక్కొక్కప్పుడు హెడర్ వెలను మించుతుంది. కదలని నట్టును కొద్దిగా బిగించి, మరల వదులుచేసి, ఇలా ముందుకు వెనుకకు ఆడించవలెను. ఆక్సిజన్ సెన్సరు ఉంటే తీగ నలగకుండా గాడి ఉన్న సాకెట్టుతో విప్పవలెను.

పాత గాస్కెట్ ముక్కలు గీకేటప్పుడు అల్యూమినియం ముఖం మీద గీతలు పడరాదు. కొత్త గొట్టాల పట్టీపై ఉక్కు స్కేలు నిలిపి, వంకర ఉన్నదేమో చూడవలెను. చౌక హెడర్లలో వెల్డింగు వేడికి పట్టీ వంగి ఉండడం తరచు కనిపించే లోపం. గాస్కెట్ కొత్తదే వేయవలెను. నట్లను మధ్య నుండి మొదలుపెట్టి అంచులకు పోతూ, రెండు మూడు విడతలలో, కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలతకు టార్క్ రెంచితో బిగించవలెను. అర మీటరు స్టెయిన్‌లెస్ గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే సుమారు 4 మిల్లీమీటర్లు సాగుతుంది. పోత ఇనుము ఇంత సాగదు. అందుచేత హెడరు తరువాత వంగే జాలి గొట్టం లేకపోతే అతుకులు చిట్లుతాయి. సమీపంలోని తీగలు, రబ్బరు గొట్టాలు, పెట్రోలు పైపు హెడరుకు దూరంగా కట్టి, వేడి అడ్డుపలక తిరిగి వేయవలెను.

మొదటిసారి స్టార్టు చేసేది ఆరుబయట మాత్రమే, తలుపులు మూసిన షెడ్డులో ఎంతమాత్రం కాదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం మొదలైనవెంటనే బయటికి రావలెను. గొట్టం మొదటే కారితే ఆ వాయువు కారులోపలికి కూడా చేరుతుంది, వెనుక సీటులో నిద్రించే పిల్లలకు తెలియదు. చల్లని ఇంజను స్టార్టు చేయగానే టిక్కుటిక్కుమని వినిపించినా, అతుకు వద్ద నల్లని మసి కనిపించినా కారుతున్నట్లే. కారే చోట నుండి లోపలికి గాలి పీల్చుకొని సెన్సరు తప్పు లెక్క చెబుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది.

రెండు మూడు సార్లు వేడెక్కి చల్లారిన తరువాత నట్లను మరల ఒకసారి చూచి బిగించవలెను. తీసిన పాత మానిఫోల్డును, కన్వర్టరును పాత ఇనుముకు అమ్మవద్దు. నూనె గుడ్డతో తుడిచి, సంచిలో చుట్టి అటక మీద ఉంచండి. 15 ఏండ్లు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు కారును తనిఖీకి తీసికొనిపోయేనాడు దానినే బిగించవలసి వస్తుంది.