ఆగడం తెలియని ఫ్యాన్

పాత లారీకి బెల్టు ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ బిగిస్తే డీజిల్ మిగులుతుందన్న మాటలో నిజముంది. కానీ ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట ఆ లెక్క తిరగబడుతుంది

పాత లారీలో రేడియేటర్ వెనక తిరిగే ఫ్యాన్‌కు ఆగడం తెలియదు. ఇంజన్ స్టార్టయిన క్షణం నుంచి ఆపేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. డిసెంబర్ తెల్లవారుజామున ఆదిలాబాద్ చలిలోనూ అంతే, మే మధ్యాహ్నం రామగుండం ఎండలోనూ అంతే. బెల్టుతో నేరుగా ఇంజన్‌కే ముడిపడి ఉండడంతో చల్లబరచాల్సిన అవసరం ఉందా లేదా అన్నదానితో దానికి పని లేదు. ఆ తిరుగుడుకు అయ్యే ఖర్చు మాత్రం డీజిల్ ట్యాంకు నుంచే పోతుంది.

ఆ ఖర్చు తగ్గించుకునే దారి కోసం చూసే యజమానులకు ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఆశ చూపిస్తోంది. కారులో ఎప్పుడో వచ్చిన ఈ ఏర్పాటు లారీకి ఎందుకు పనికిరాదన్నది వారి ప్రశ్న. అది ఊరికే పుట్టిన ప్రశ్న కాదు. దేశంలోని లారీల్లో ఎక్కువ భాగం ఒకటి నుంచి ఐదు బళ్లున్న చిన్న యజమానులవే. వాళ్ల ఖర్చుల పద్దులో అన్నిటికన్నా పెద్దది డీజిల్. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధరపై ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక ఆ భారం నేరుగా వాళ్ల మీదే పడింది. 2022 ఏప్రిల్‌లో 15 ఏళ్లు దాటిన భారీ వాహనాల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఫీజు రూ.12,500కు చేరింది. కొత్త లారీ కొనే స్తోమత లేదు, పాతది నడిపితే మిగిలేది తక్కువ. ఇలాంటి పరిస్థితిలో నూటికి రెండు లీటర్లు మిగిల్చినా అది ఆశపడదగ్గ మాటే.

కారు దారి వేరు

కార్లలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ రావడానికి పొదుపు ఒక్కటే కారణం కాదు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లలో ఇంజన్ నిలువుగా, రేడియేటర్‌కు ఎదురుగా ఉండేది. దాని ముందు చక్రానికి బెల్టు తగిలిస్తే ఫ్యాన్ తిరిగేది. 1983లో రోడ్డెక్కిన మారుతి 800లో ఇంజన్‌ను అడ్డంగా అమర్చారు. బెల్టు చక్రం బండి పక్కకు తిరిగిపోయింది, రేడియేటర్ ముందే ఉండిపోయింది. దాంతో ఫ్యాన్‌కు సొంత మోటార్ తప్పనిసరైంది. చిన్న ఇంజన్, తక్కువ వేడి కాబట్టి బ్యాటరీ కరెంటుతోనే పని జరిగిపోయింది. నీళ్లు ఒక స్థాయికి వేడెక్కితే ఫ్యాన్ తిరగడం, చల్లబడగానే ఆగిపోవడం అన్న సౌకర్యం అదనంగా కలిసొచ్చింది.

లారీల్లో ఇంజన్ ఇప్పటికీ నిలువుగానే ఉంటుంది. బెల్టు ఫ్యాన్‌కు చోటుంది. పైగా అది మొరటు మనిషిలా నమ్మకంగా పనిచేస్తుంది. దాని లోపమల్లా సమయం తెలియకపోవడమే. హైవేపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌లోకి దూసుకొస్తుంది. ఫ్యాన్ అవసరం చాలావరకు ఉండదు. కానీ ఇంజన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి ఫ్యాన్ కూడా వేగంగా తిరుగుతుంది. అవసరం లేనప్పుడు అతిగా పనిచేసే నౌకరు అన్నమాట.

దీనికి మూల్యం తక్కువేమీ కాదు. ఫ్యాన్ వేగం రెట్టింపైతే దాన్ని తిప్పడానికి కావలసిన శక్తి రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. పూర్తి వేగంలో ఇంజన్ శక్తిలో 5 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ఫ్యాన్ మింగేస్తుంది. 130 హార్స్‌పవర్ ఇంజన్‌లో 5 శాతమంటే ఆరున్నర హార్స్‌పవర్. అంటే దాదాపు 4,800 వాట్లు.

ఎనిమిదో వంతు శక్తి, సగం గాలి

ఎలక్ట్రిక్ ఫ్యాన్ కథ ఇక్కడే చిక్కుల్లో పడుతుంది. పెద్ద లారీల్లో విద్యుత్ వ్యవస్థ 24 వోల్టులది. 4,800 వాట్ల మోటార్ తిరగాలంటే 200 ఆంపియర్ల కరెంటు కావాలి. పాత లారీల ఆల్టర్నేటర్ సాధారణంగా ఇచ్చేది అందులో నాలుగో వంతు కూడా ఉండదు. అందులోంచే హెడ్‌లైట్లు, వైపర్లు, హారన్, బ్యాటరీ చార్జింగ్ అన్నీ నడవాలి. అందుకే ఇలాంటి మార్పుల్లో వాడేవి 300 వాట్ల స్థాయి ఫ్యాన్లు. రెండు బిగిస్తే 600 వాట్లు. అంటే బెల్టు ఫ్యాన్ పూర్తి శక్తిలో ఎనిమిదో వంతు. పైన చెప్పిన సూత్రాన్నే తిరగేస్తే, ఎనిమిదో వంతు శక్తితో వచ్చేది దాదాపు సగం గాలి.

ఈ సగం గాలి సరిపోతుందా? ఇంజన్‌లో కాలిన డీజిల్ శక్తిలో చక్రాలకు అందేది మూడో వంతుకు కాస్త ఎక్కువ. పావు వంతు దాకా కూలింగ్ నీళ్లలోకి చేరుతుంది. మిగిలింది సైలెన్సర్ గుండా పోతుంది. 130 హార్స్‌పవర్ ఇంజన్ పూర్తి లోడుతో లాగుతున్నప్పుడు రేడియేటర్ సుమారు 60 కిలోవాట్ల వేడిని బయటికి పంపాలి. ఇళ్లలో వాడే గీజర్లు 30 ఒకేసారి వేసినంత వేడి అది. దాన్ని మోసుకుపోవడానికి సెకనుకు దాదాపు రెండు ఘనపు మీటర్ల గాలి కావాలి. రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు కాగితం మీద ఆ అంకెకు దగ్గరగా వస్తాయి. అయితే ఆ అంకె ఎదుట ఏ అడ్డూ లేనప్పుడు కొలిచింది. రేడియేటర్ సన్నటి రేకుల గుండా లాగాల్సి వస్తే బాగా తగ్గిపోతుంది.

మైదానంలో ఈ లోటు కనిపించదు. ఎదురుగాలి దాన్ని పూడ్చేస్తుంది. పూర్తి లోడుతో లాగాల్సిన సమయమూ తక్కువే. అసలు పరీక్ష మారేడుమిల్లి మలుపుల్లోనో, శ్రీశైలం ఘాట్‌లోనో, ముంబై - పుణె దారిలోని భోర్ ఘాట్‌లోనో ఎదురవుతుంది. బండి గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పాకుతుంటుంది, ఎదురుగాలి ఉండదు. ఇంజన్ మాత్రం లో గేర్లో శక్తినంతా ధారపోస్తుంటుంది. సరిగ్గా ఆ సమయంలో పాత బెల్టు ఫ్యాన్ తన విలువ చూపిస్తుంది. లో గేర్లో ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అదీ అంత గాలి లాగుతుంది. హైవేపై దండగ అనిపించినదే ఘాట్‌లో ప్రాణదాత అవుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ తన 600 వాట్ల దగ్గరే ఆగిపోతుంది.

నగరం ట్రాఫిక్‌లో చిక్కు మరో రకం. అక్కడ ఇంజన్ ఐడిలింగ్‌లో ఉంటుంది కాబట్టి బెల్టు ఫ్యాన్ బద్ధకంగా తిరుగుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ పూర్తి వేగంతో తిరగగలదు, అది దాని బలం. కానీ ఐడిలింగ్‌లో ఆల్టర్నేటర్ ఉత్పత్తి బాగా పడిపోతుంది. లోటును బ్యాటరీ భరించాలి. రాత్రిపూట లైట్లు వేసుకుని చెక్‌పోస్టు క్యూలో గంటసేపు నిలబడితే తిరిగి స్టార్ట్ చేయడానికి బ్యాటరీలో శక్తి మిగలకపోవచ్చు.

మిగిలేది ఎంత?

ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు కరెంటు ఉచితంగా రాదు. ఆల్టర్నేటర్‌ను తిప్పేదీ ఇంజనే. అక్కడ కొంత, మోటార్‌లో కొంత పోగా ఇంజన్ ఇచ్చిన శక్తిలో సగం మాత్రమే ఫ్యాన్ రెక్కలకు చేరుతుంది. కాబట్టి ఎలక్ట్రిక్ ఫ్యాన్ నిరంతరం తిరుగుతూ ఉంటే లాభం కరిగిపోతుంది. దాని వల్ల వచ్చే ఆదా అంతా అది ఆగి ఉన్న సమయంలోనే వస్తుంది.

ఆ ఆదాను ఒక ఉదాహరణతో లెక్కగట్టవచ్చు. నెలకు 6,000 కిలోమీటర్లు తిరిగే లారీ లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తే 1,500 లీటర్లు తాగుతుంది. మైదాన ప్రాంతంలో 2 శాతం ఆదా అయిందనుకుంటే 30 లీటర్లు. లీటరు రూ.95 చొప్పున నెలకు రూ.2,850. ఏడాదికి రూ.34 వేల పైచిలుకు. చిన్న యజమానికి అది పిల్లల స్కూలు ఫీజు కావచ్చు, రెండు టైర్ల డబ్బు కావచ్చు. కానీ ఇంజన్ ఒక్కసారి అతిగా వేడెక్కి హెడ్ వంగినా, గ్యాస్కెట్ కాలినా, పిస్టన్ పట్టేసినా ఆ ఆదా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పైగా లారీ షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిరాయి ఉండదు, ఫైనాన్స్ వాయిదా ఆగదు.

అమెరికాలో పాత పికప్ ట్రక్కులున్న ఔత్సాహికుల మధ్య ఈ మార్పిడి చాలా ఏళ్లుగా ప్రచారంలో ఉంది. పాతసామాను యార్డుల్లో దొరికే ఫోర్డ్ టారస్ కారు ఫ్యాన్‌ను తెచ్చి బిగించుకోవడం అక్కడ బాగా తెలిసిన పద్ధతి. అయితే అవి ఎక్కువగా ఖాళీగా తిరిగే పెట్రోల్ బళ్లు. ఇంజన్ పూర్తి శక్తితో పనిచేసే సందర్భాలే అరుదు. పది టన్నుల సిమెంటో, ఇసుకో వేసుకుని ఎండలో ఎత్తు ఎక్కే లారీకి ఆ అనుభవాన్ని ఉన్నదున్నట్టు అన్వయించడం కుదరదు. అమెరికా నగర బస్సుల్లో మాత్రం ఎలక్ట్రిక్ ఫ్యాన్లు నిలదొక్కుకున్నాయి. ఇంజన్ వెనక ఉండే ఆ బస్సుల్లో హైడ్రాలిక్ ఫ్యాన్ స్థానంలో చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్లను వరసగా అమర్చారు. వాటికి తగ్గ పెద్ద ఆల్టర్నేటర్‌నూ పెట్టారు. గెలిపించింది ఫ్యాన్ ఒక్కటే కాదు, దాని వెనకున్న కరెంటు కూడా.

మధ్యే మార్గం

ఆగడం నేర్చుకోవడానికి ఫ్యాన్‌కు కరెంటే అక్కర్లేదు. విస్కస్ ఫ్యాన్ ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. బెల్టు చక్రానికీ ఫ్యాన్‌కూ మధ్య చిక్కటి సిలికాన్ నూనె నింపిన క్లచ్ ఉంటుంది. రేడియేటర్ నుంచి వచ్చే గాలి చల్లగా ఉంటే నూనె పక్కకు తప్పుకుంటుంది, ఫ్యాన్ జారుతూ నెమ్మదిగా తిరుగుతుంది. గాలి వేడెక్కితే లోపలి లోహపు పట్టీ వాల్వును తెరుస్తుంది, నూనె మధ్యలోకొచ్చి పట్టు బిగుస్తుంది. మైదానంలో విశ్రాంతి, ఘాట్‌లో పూర్తి బలం. బీఎస్-6 తరం పెద్ద లారీల్లో దీన్నే ఎలక్ట్రానిక్ కంట్రోల్‌తో వాడుతున్నారు. లారీ కంపెనీలే పెద్ద డీజిల్ ఇంజన్లకు బెల్టు ఫ్యాన్‌ను పూర్తిగా వదులుకోలేదంటే కారణం 24 వోల్టుల పరిమితే. పాత లారీ మోడల్‌కు సరిపోయే విస్కస్ క్లచ్ దొరికితే ఆదాలో ఎక్కువ భాగం తక్కువ ముప్పుతో చేతికొస్తుంది.

మార్చాలనుకునేవారికి

టాటా 407 తరహా చిన్న ట్రక్కులు, ఊళ్ల మధ్య పాలు, కూరగాయలు తిప్పే బళ్లకు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పనికొచ్చే అవకాశం ఎక్కువ. వాటి ఇంజన్ చిన్నది, వేడి తక్కువ. అయినా ముందు చూడాల్సింది రేడియేటర్‌ను. బోరు నీళ్లు పోసీ పోసీ గొట్టాల్లో సున్నం పేరుకుపోయి ఉంటే ఏ ఫ్యాన్ పెట్టినా ఫలితం ఉండదు. దాన్ని శుభ్రం చేయించి, కంపెనీ చెప్పిన కూలెంట్ పోసి, థర్మోస్టాట్ వాల్వు, రేడియేటర్ మూత సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. బండి వేడెక్కే జబ్బు చాలాసార్లు అక్కడితోనే నయమవుతుంది.

తర్వాతి మాట ఆల్టర్నేటర్ సామర్థ్యం. ఫ్యాన్లు లాగే కరెంటుకు మిగతా అవసరాలన్నీ కలిపి, ఆపైన కొంత మిగులు ఉండాలి. ఫ్యాన్‌కు సన్నటి వైరు వేసి, డ్యాష్‌బోర్డు స్విచ్‌తో నేరుగా నడిపితే అది కాలిపోవడం ఖాయం. బ్యాటరీ నుంచి తగినంత మందం వైరు, మధ్యలో ఫ్యూజు, రిలే తప్పనిసరి. రేడియేటర్ వెడల్పంతా గాలి లాగేలా ఫ్యాన్ల చుట్టూ రేకు తొడుగు ఉండాలి. లేకపోతే ఫ్యాన్ ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం తప్ప మిగతాది వేడిగానే మిగిలిపోతుంది. చాలా ఇంజన్లలో ఫ్యాన్ బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. ఫ్యాన్ తీశాం కదా అని బెల్టును నిర్లక్ష్యం చేస్తే అసలుకే మోసం.

అన్నిటికన్నా ముఖ్యమైంది హెచ్చరిక. బెల్టు ఫ్యాన్ పాడైతే చప్పుడు చేస్తుంది, బెల్టు కీచుమంటుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ నిశ్శబ్దంగా చనిపోతుంది. ఒక ఫ్యూజు పోయినా, ఒక కనెక్షన్ వదులైనా డ్రైవర్‌కు తెలిసేది ఆవిరి పైకి లేచాకే. క్యాబిన్‌లో పనిచేసే టెంపరేచర్ మీటర్, ఎర్ర లైటు, సెన్సర్ పాడైనా ఫ్యాన్ వేసుకోగల అదనపు స్విచ్ లేకుండా ఈ మార్పు చేయించడం సాహసమే.

చట్టాన్నీ గమనంలో ఉంచుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిలో మార్పులు చేయకూడదు. ఈ నిబంధనను కచ్చితంగా పాటించాలని సుప్రీం కోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. రేడియేటర్ ఫ్యాన్ ఆర్‌సీలో కనిపించే వివరం కాదు. అయినా ప్రమాదం జరిగి వైరింగ్ వల్లే మంటలు రేగాయని తేలితే బీమా కంపెనీ అడిగే ప్రశ్నలకు యజమానే జవాబు చెప్పుకోవాలి. పని చేసిన షెడ్డు బిల్లు, వాడిన సామాను వివరాలు దాచుకోవడం మంచిది.

మున్ముందు ఈ ప్రశ్న మరింత తరచుగా ఎదురవుతుంది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ ట్రక్కుల్లో ఏసీ క్యాబిన్ తప్పనిసరైంది. కొత్త బండి డ్రైవర్ చల్లగా కూర్చుంటే పాత బండి యజమానికీ ఏసీ పెట్టించక తప్పని రోజు వస్తుంది. రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ చేరితే లోపలికొచ్చే గాలి ముందే వేడెక్కుతుంది, ఆల్టర్నేటర్‌పై భారమూ పెరుగుతుంది. ఉన్న బెల్టు ఫ్యాన్ తీసేయడానికి అది సమయం కాదు. కండెన్సర్ కోసం ఒక చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్‌ను దానికి తోడుగా పెట్టడమే తెలివైన పని. ఏ బండికి ఏ ఫ్యాన్ అన్నది మెకానిక్ మాట మీదో పక్క లారీని చూసో తేలే విషయం కాదు. అది ఎంత బరువుతో, ఏ రోడ్డు ఎక్కుతుందన్నదే తేల్చాలి.