అమ్మానాన్నల ఇల్లు అమ్ముతున్నారా? ముందు వారి ఆరోగ్యం సంగతి చూడండి

పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఊళ్లో నాన్న కట్టిన ఇల్లు ఉంటుంది. ఆయనకు 78, అమ్మకు 72. మేడ మీద గదులకు తాళం పడి పదేళ్లవుతుంది. పెరట్లో ఆకులు ఊడ్చే మనిషి దొరకదు. మోటారు పాడైతే చూసేవాళ్లుండరు. అర్ధరాత్రి ఆయాసం వస్తే ఆటో పిలిచే దిక్కుండదు. 'ఇక అమ్మేద్దాం నాన్నా' అనే మాట ఏదో ఒక పండక్కి వచ్చే తీరుతుంది. ఆ మాటలో తప్పేమీ లేదు. చాలా ఇళ్లలో అది అవసరం కూడా. చిక్కంతా ఆ తర్వాత పని జరిగే తీరుతోనే.

మూడు వారాల సెలవు మీద వచ్చిన కొడుకు ఆ మూడు వారాల్లోనే బేరం, బయానా, రిజిస్ట్రేషన్, సామాన్ల సర్దుడు అన్నీ ముగించాలనుకుంటాడు. నెల తిరిగేసరికి ఆ పెద్దాయన మా మెడికల్ వార్డులో ఉంటారు. 'కొత్త ఫ్లాట్‌కి వచ్చిన దగ్గర్నుంచీ ఏదోలా ఉంటున్నారు డాక్టరు గారూ, రాత్రిళ్లు లేచి మనింటికి వెళ్దాం పద అంటున్నారు' అని ఇంట్లోవాళ్లు చెబుతారు. ఇలాంటి కుటుంబాలను ఏటా చూస్తూనే ఉంటాను. 70 దాటినవారికి సొంతిల్లు అమ్మి కదలడమంటే ఒక ఆపరేషన్ లాంటిదే. ఆపరేషన్‌కి ముందు బీపీ, షుగర్ చూసి, మనిషిని సిద్ధం చేసి, ఆ తర్వాత కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉంటాం కదా. దీనికీ అంతే.

ఆ ఇంట్లో కాళ్లకు దారి తెలుసు

నలభై ఏళ్లున్న ఇంట్లో మీ అమ్మగారు రాత్రి లైటు వేయకుండానే బాత్రూమ్‌కి వెళ్లి వస్తారు. మంచం ఏ వైపు దిగాలో, గడప ఎక్కడుందో, ఎక్కడ ఒక మెట్టు దిగాలో ఆవిడ ఆలోచించరు. పోపుల డబ్బా కోసం చెయ్యి దానంతట అదే వెళుతుంది. ఇదంతా మెదడులో గీసుకున్న పటం. ఈ పటం పనిలో హిప్పోక్యాంపస్, దాని పక్కనున్న భాగం ముఖ్యం. మనం ఎక్కడున్నామో గుర్తుపట్టే కణాలను అక్కడ కనిపెట్టినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ ఇచ్చారు. అల్జీమర్స్ జబ్బు ముందుగా దెబ్బతీసే చోట్లు కూడా అవే.

కాబట్టి పాత ఇల్లు ఒక చేతికర్రలా పనిచేస్తుంది. మతిమరుపు మొదలైనా పైకి కనపడనివ్వదు. మాత్రలు ఎప్పుడూ ఉండే గూట్లోనే ఉంటాయి, పాలబ్బాయి ఎప్పుడూ వచ్చే టైముకే వస్తాడు, గుడి ఎప్పుడూ ఉండే మలుపులోనే ఉంటుంది. అక్కడి నుంచి ఒకేలా ఉండే తలుపుల మధ్య, ఎనిమిదో అంతస్తుకి తీసుకొస్తే ఆ కర్ర లాగేసినట్లవుతుంది. 'ఇల్లు మారాకే మతిమరుపు వచ్చింది' అని బంధువులు కొడుకునో కోడలినో తప్పుపడతారు. చాలామందిలో జబ్బు అంతకుముందే ఉండి, ఇప్పుడు బయటపడిందంతే. అయితే చోటు మారడం వల్లే కలిగే అయోమయం, దిగులు, నిద్రలేమి కూడా నిజమే. నర్సింగ్ శాస్త్రంలో దీన్ని 1992 నుంచే ఒక ప్రత్యేక సమస్యగా గుర్తించారు.

అందుకే బయానా పుచ్చుకోవడానికి ముందే ఒకసారి డాక్టరుకు చూపించండి. కంటిపొర ఉందా? చెవులు సరిగ్గా వినపడుతున్నాయా? కూర్చుని లేచినప్పుడు బీపీ పడిపోతోందా? థైరాయిడ్, బీ12, సోడియం ఎలా ఉన్నాయి? జ్ఞాపకశక్తికి పది నిమిషాల పరీక్ష ఉంటుంది, అదీ చేయించండి. కంటి ఆపరేషన్ చేయించాల్సి ఉంటే పాత ఇంట్లో ఉండగానే కానివ్వండి. కొత్త ఇంటిని మసక కళ్లతో నేర్చుకోవడం కష్టం.

'అమ్మేద్దాం' అనేది మొదటి మాట కాకూడదు

గజం ధరతో మాట మొదలుపెడితే అది అక్కడే తెగిపోతుంది. 'ఇక్కడ ఇప్పుడు మీకేది కష్టంగా ఉంది?' అని అడిగి చూడండి. మెట్లు ఎక్కలేకపోతున్నామంటారో, ఒంటరిగా ఉంటున్నామంటారో, అసలేం కష్టం లేదంటారో వినండి. మెట్లే కష్టమైతే పడక కిందికి మార్చి, బాత్రూమ్‌లో రెండు స్టీలు కడ్డీలు బిగిస్తే మరో నాలుగేళ్లు హాయిగా గడవొచ్చు. మేడ మీది వాటా అద్దెకిస్తే మనిషి తోడు దొరుకుతుంది. అమ్మకుండా సరిపోయే ఇళ్లు చాలానే ఉన్నాయి.

కదలక తప్పదనుకుంటే, అమ్మడానికి ముందే వెళ్లి ఉండి చూడమనండి. ఇంటికి తాళం వేసి, రెండు నెలలు కొత్త చోట గడపడం. తిరిగి వెళ్లే దారి ఉందని తెలిస్తే పెద్దవాళ్లు సగం తేలికపడతారు. మా ఓపీకి వచ్చే ఒక రిటైర్డ్ పంతులు గారు ఇలా మూడుసార్లు వెళ్లొచ్చారు. మూడోసారి తిరిగొచ్చి, 'ఇంక బేరం చూడండ్రా' అని ఆయనే అన్నారట. ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో ఆయన షుగర్ మాత్రం కదల్లేదు.

ఒక్క సందర్భంలో మాత్రం గట్టిగా ఆపుతాను. ఇద్దరిలో ఒకరు పోయిన వెంటనే ఇల్లు అమ్మకండి. మనిషిని కుదిపేసే సంఘటనలను 1967లో హోమ్స్, రాహే అనే ఇద్దరు సైకియాట్రిస్టులు వరుసపెట్టినప్పుడు, జీవిత భాగస్వామి మరణానికి 100 మార్కులతో మొదటి స్థానం ఇచ్చారు. ఇల్లు మారడం కూడా ఆ జాబితాలో ఉంది. ఒకదాని మీద ఇంకోటి వేయడం ఎందుకు? సంవత్సరీకం దాకా ఆగితే పోయేదేమీ లేదు. ఈలోగా ధర పడిపోతుందని భయపెట్టే బ్రోకర్లు ఉంటారు, ఉండనివ్వండి.

'కట్టడానికి విలువ లేదండీ'

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు అలవాటుగా అనే మాట ఇది. 'పాతది కదండీ, ఎలాగూ పడగొట్టేదే. స్థలానికే లెక్క.' వ్యాపారం ప్రకారం నిజమే. కానీ పక్కనే కుర్చీలో కూర్చున్న మనిషి పీఎఫ్ లోను పెట్టి, భార్య గాజులు తాకట్టు పెట్టి, సిమెంటు కోసం లైన్లో నిలబడి కట్టిన గోడలవి. ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, కట్టినవాడి ఎదుటే దాన్ని సున్నా కట్టడం ఎలా ఉంటుందో ఏ సామెతా చెప్పలేదు. ఆ రోజు ఆయన భోజనం సరిగా చేయరు. మర్నాడు బీపీ పెరిగిందని మీకు ఫోన్ వస్తుంది.

కొనేవాళ్లతో, మధ్యవర్తితో ముందే చెప్పండి: ధర, పడగొట్టడం గురించిన మాటలు ఇంటి బయట. అమ్మ మధ్యాహ్నం పడుకునే వేళ ఎవరినీ తీసుకురావద్దు. రోజుకు ఒక్క కుటుంబాన్ని మించి వద్దు. ఇల్లు చూపించే పని పెద్దవాళ్లకే వదిలేయండి. ఈ గుమ్మం ఏ కర్రో, బావి ఎంత లోతో వాళ్లను చెప్పనివ్వండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

అగ్రిమెంట్ రాసేటప్పుడు ఇల్లు ఖాళీ చేసే తేదీ కూడా అడిగి రాయించుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాక రెండు మూడు నెలలు ఉండేలా ఒప్పుకునే కొనుగోలుదారులు ఉంటారు. కాస్త తక్కువ ధరకైనా అలాంటివారే నయం.

డాక్టరు సర్టిఫికెట్ అంటే ఒక్క సంతకం కాదు

ప్రభుత్వ ఆస్పత్రి డాక్టర్లం కాబట్టి మా దగ్గరికి వచ్చే పని మరొకటుంది. 'నాన్నకు మతి బాగానే ఉందని ఒక్క సంతకం పెట్టండి సార్, రేపే రిజిస్ట్రేషన్' అంటూ వస్తారు. నాన్నగారు మాత్రం కారులోనే ఉంటారు. మనిషిని చూడకుండా ఈ కాగితం ఏ డాక్టరూ ఇవ్వకూడదు.

చూసేటప్పుడు మేం ఏం చేస్తామో చెబుతాను, మీకూ పనికొస్తుంది. వీలైతే ఉదయం పూట పిలుస్తాం. కళ్లజోడు, వినికిడి యంత్రం పెట్టిస్తాం. పిల్లల్ని కాసేపు బయట కూర్చోమంటాం. ఆ తర్వాత మామూలు మాటల్లో అడుగుతాం. ఏ ఆస్తి అమ్ముతున్నారు? ఎవరికి? ఎంతకి? ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? రేపటి నుంచి మీరు ఎక్కడ ఉంటారు? ఇవాళ ఏ తేదీ అంటే తడుముకున్న ఒకావిడ, ఈ ఐదింటికీ తడుముకోకుండా జవాబిచ్చారు. పైగా 'ముందు బ్యాంకులో పడ్డాకే వేలిముద్ర వేస్తా' అన్నారు. ఆవిడకు తన మేలు తెలుసు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం చూసేదీ దాన్నే. చేస్తున్న పని అర్థమై, దానివల్ల తనకు కలిగే మంచిచెడులను బేరీజు వేసుకోగలగాలి. డిమెన్షియా అని ఫైల్లో రాసి ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదు. అలాగే నవ్వుతూ పలకరించినంత మాత్రాన అన్నీ అర్థమైనట్లూ కాదు.

ఇంకో సంగతి. జీపీఏ ఇస్తే చాలు, తర్వాత ఎప్పుడైనా అమ్ముకోవచ్చని చాలామంది అనుకుంటారు. ఇచ్చిన మనిషి మతి తప్పితే మన చట్టంలో ఆ జీపీఏ చెల్లదు. అప్పుడు కోర్టు మెట్లెక్కాల్సిందే. మతిమరుపు మొదట్లోనే ఉందని తెలిస్తే, వారి మాట వారే చెప్పగలిగిన రోజుల్లోనే నిర్ణయాలు జరగాలి. నెమ్మదిగా చేయండి అంటున్నానని ఏళ్ల తరబడి వాయిదా వేయమని కాదు.

కదల్లేనివారిని కుర్చీలో మోసుకుని ఆఫీసుకి తీసుకెళ్లాల్సిన పని లేదు. తగిన కారణం చూపి దరఖాస్తు చేస్తే సబ్‌రిజిస్ట్రార్ ఇంటికే వచ్చేందుకు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో వీలుంది.

డబ్బు అమ్మిన మనిషి ఖాతాలోనే పడాలి. ఇద్దరూ ఉంటే ఇద్దరి పేరిటా జాయింట్ ఖాతా. పన్ను మినహాయింపులకు గడువులుంటాయి కాబట్టి బయానాకి ముందే ఆడిటర్‌ని కలవండి. 'ముందు నా పేర రాసేయండి, నేను అమ్మి చూసుకుంటా' అనే పద్ధతి మాత్రం వద్దు. పెద్దలకు ఇదే నా మాట: పిల్లలకు రాసివ్వాలనే అనుకుంటే, తమను చూసుకోవాలన్న షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. చూసుకోకపోతే దాన్ని రద్దు చేయించుకునే వీలు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టంలోని 23వ సెక్షన్ ఇస్తుంది.

సామాన్లు, ఆ తర్వాత మొదటి నెల

సర్దడం ఒక్క ఆదివారంలో అయ్యే పని కాదు. రోజుకు ఒక గంట, ఒక్క బీరువా. ఏది ఉంచాలో, ఎవరికి ఇవ్వాలో వాళ్లు చెప్పాలి. ఇత్తడి గంగాళం ఫ్లాట్‌లో పట్టదు, నిజమే. మనవరాలికి ఇస్తే తీసుకుంటుందేమో అడగండి. పాత సామాన్లవాడి తక్కెడలో పడేటప్పుడు మాత్రం అమ్మ ఎదురుగా ఉండకూడదు. పెరటి కరివేపాకు పిలక, తులసి మొక్క కుండీలో వెంట వస్తాయి.

కొత్త ఇంట్లో పడకగదిని మాత్రం వీలైనంత పాతదానిలాగే అమర్చండి. అదే మంచం, అదే గోడ గడియారం. పాత ఇంట్లో మంచం దిగి ఎడమ వైపు తిరిగితే బాత్రూమ్ వచ్చేదనుకోండి, ఇక్కడా అలాగే వచ్చేలా మంచం తిప్పండి. దారిలో రాత్రంతా చిన్న లైటు వెలగాలి. నున్నటి టైల్స్ మీద తడి ప్రమాదం. కమోడ్ పక్కన కడ్డీ, కింద జారని పట్టా వారు దిగకముందే ఉండాలి. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక ఇవన్నీ చేయించి ఏం లాభం?

ఈ నెలలో మందులు గల్లంతవడం ఎక్కువ. సామాన్లలో స్ట్రిప్పులు ఎక్కడో పోతాయి. వంట చేసే చెయ్యి మారుతుంది, నడక తగ్గుతుంది, కొత్తచోట బాత్రూమ్‌కి లేవాలంటే బెరుకుతో నీళ్లు తాగడం మానేస్తారు. మలబద్ధకం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, షుగర్ హెచ్చుతగ్గులు ఇలాగే మొదలవుతాయి. 15 రోజుల మందులు, చీటీ ఒక చేతిసంచిలో విడిగా పెట్టండి, లారీలో వేయకండి. మారిన వారంలోనే కొత్త చోట దగ్గర్లోని డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడటం, పగలు మగతగా ఉండి రాత్రి లేచి తిరగడం, లేనివాళ్లు కనిపిస్తున్నారనడం జరిగితే ఇంటి మీద బెంగ అనుకుని ఊరుకోకండి. అది డెలీరియం కావచ్చు. సోడియం పడిపోయినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా, షుగర్ తగ్గినా ఇలాగే ఉంటుంది. అదే రోజు ఆస్పత్రికి తీసుకురండి. నిద్రమాత్ర మీరే వేయొద్దు. జలుబు మాత్రలు కూడా కొన్ని అయోమయాన్ని పెంచుతాయి.

బెంగ వేరు. నాలుగు రోజులు ఏడుస్తారు, పాత ఇరుగుపొరుగుతో ఫోన్‌లో మాట్లాడతారు, మెల్లగా సర్దుకుంటారు. ఏడవనివ్వండి. రెండు వారాలు దాటినా తిండి, నిద్ర లేకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, ఒళ్లంతా నొప్పులంటూ, 'నేనుండి ఏం లాభం' అంటుంటే అది డిప్రెషన్. ఈ వయసులోనూ మందులకు బాగా తగ్గుతుంది. చచ్చిపోతానన్న మాట వస్తే పెద్దతనం మాటలని కొట్టిపారేయకండి, వెంటనే చూపించండి. టెలిమానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆస్తి విషయంలో ఒత్తిడి, వేధింపులు ఉంటే పెద్దల హెల్ప్‌లైన్ 14567. ఈ రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో రాసి, వారి ఫోన్ పెట్టే చోట అంటించండి.