కల్పిత లోకాలలో కబురు, పరలోకం

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చొని, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి, కేవలం మాటలతో కథను నడిపే వినోదాన్ని పాత్రధారణ క్రీడ అంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా క్రీడలకు ఆద్యంగా ప్రసిద్ధి పొందింది. ఇందులో రంగస్థలం ఉండదు, ప్రేక్షకులు ఉండరు. సూత్రధారి ఒక లోకాన్ని వర్ణిస్తాడు. తక్కినవారు ఆ లోకంలో తమ పాత్రలు ఏమి చేయదలచాయో చెబుతారు. ఆ పని నెరవేరినదీ లేనిదీ పాచికలు నిర్ణయిస్తాయి.

అటువంటి లోకాన్ని కల్పించేటప్పుడు కొండలు, కోటలు, నదులు గీయడం సులభం. ఆ లోకవాసులు దూరాన ఉన్నవారికి కబురు ఎలా పంపుతారు, చనిపోయినవారు ఎక్కడికి పోతారని నమ్ముతారు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే కష్టం. మనుషులను విడదీసేవి దూరం, మరణం. ఈ రెండింటి విషయంలో ఒక సమాజం ఏమి చేస్తుందో తెలిస్తే, ఆ సమాజం ఎటువంటిదో చాలావరకు తెలిసినట్లే. కనుక ఈ రెండింటినీ తేల్చకుండా మొదలుపెట్టిన లోకం చూడటానికి ఎంత అందంగా ఉన్నా చిత్రపటంగానే మిగిలిపోతుంది.

తెలుగువారికి ఇది కొత్త విద్య కాదు. 16వ శతాబ్దికి చెందిన పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’లో వజ్రపురమనే నగరాన్ని వర్ణించాడు. దానికి అధిపతి వజ్రనాభుడనే రాక్షసుడు. బ్రహ్మ ఇచ్చిన వరం వలన అతని అనుమతి లేనిదే ఆ నగరంలోకి గాలి సైతం ప్రవేశించలేదు. అటువంటి చోట ఉన్న ప్రభావతికి, ద్వారకలో ఉన్న ప్రద్యుమ్నునికి ప్రేమ ఎలా కలగాలి? వారి మధ్య శుచిముఖి అనే ఆడహంస రాయబారం నడిపింది. పక్షి రాయబారం పాత కావ్యాలలోనూ ఉన్నదే. నలదమయంతుల హంస అందరికీ తెలిసినదే. సూరన చేసిన విశేషమేమిటంటే, ముందుగా కబురు చేరే దారులన్నీ మూసివేసి, ఆపైన ఒకే ఒక్క సందు తెరిచాడు. ఆ సందులో నుంచే కథంతా ప్రవహించింది.

లోకకల్పన చేసేవారు ఈ సూత్రాన్ని గ్రహించడం అవసరం. మంత్రశక్తి చేత ఎవరైనా ఎవరితోనైనా క్షణంలో మాట్లాడగలరని చెబితే, ఆ లోకంలో ఎదురుచూపు ఉండదు, అపార్థం ఉండదు, ఆలస్యంగా అందిన హెచ్చరిక ఉండదు. కథకు ప్రాణమైనవన్నీ ఒక్క వరంతో పోతాయి. కాబట్టి ప్రతి వార్తాసాధనానికీ ఒక వేగం, ఒక ఖర్చు, ఒక లోపం నిర్ణయించాలి.

ఇందుకు ఉదాహరణలు వెదకుటకు ఊహాలోకాలకు పోనవసరం లేదు. గోల్కొండ కోటలో ఫతే దర్వాజా గుమ్మటం కింద నిలిచి చప్పట్లు కొడితే, సుమారు కిలోమీటరు దూరాన కొండ కొమ్మున ఉన్న బాలాహిస్సార్‌లో వినబడుతుంది. అది వేగవంతమైన సాధనమే కాని, చెప్పగలిగిన సమాచారం మాత్రం అత్యల్పం: ఎవరో వచ్చారు. వచ్చినది మిత్రుడో శత్రువో చప్పట్లు చెప్పలేవు; ముందే చేసుకున్న ఒప్పందం ప్రకారం ఎన్నిసార్లు మోగిందో లెక్కించుకోవలసిందే. పల్లెలలో డప్పు చాటింపు దీనికి భిన్నమైనది. అందులో మాటలున్నాయి, రహస్యం లేదు. డప్పు వాయించే మనిషి ఏ వాడ నుంచి వచ్చాడు, అతడు చాటిన కబురు వినేవారు అతనిని ఎలా చూశారు అన్నది కూడా ఆ సాధనంలో భాగమే. కల్పిత లోకంలో వార్తాహరుడికి గౌరవం ఉందా, లేదా అని సూత్రధారి ముందుగానే ప్రశ్నించుకోవడం మంచిది. చాలామంది ప్రశ్నించుకోరు.

అన్నింటికంటె విచిత్రమైనది మిరపకాయ టపా. 1922 ఆగస్టులో మన్యంలో పోలీసు స్టేషన్లపై దాడులు ప్రారంభించిన అల్లూరి సీతారామరాజు, తాను రాబోతున్నట్లు ముందుగానే లేఖ పంపేవాడని, దానికి మిరపకాయలు జతచేసేవాడని ప్రసిద్ధి. రహస్యంగా ఉంచవలసిన దానిని శత్రువుకే తెలియజేయడం యుద్ధనీతి ప్రకారం చూస్తే తెలివితక్కువ పని. కాని ఆ మిరపకాయలో భయం ఉంది, సవాలు ఉంది, ధర్మయుద్ధం చేస్తున్నామనే ప్రకటన ఉంది. లేఖలోని అక్షరాలు చదువురాని వానికి కూడా మిరపకాయ అర్థమవుతుంది. కబురు మోసే వస్తువే కబురు కావడం ఇక్కడ కనిపిస్తుంది. ఏ పాత్రధారణ క్రీడలోనైనా ఇటువంటి ఒక్క సంకేతం ఉంటే, నూరు పుటల చరిత్ర చెప్పవలసిన పని తప్పుతుంది.

సాధనం తరువాత భాష. ఆంగ్ల రచయిత టోల్కీన్ (1892–1973) భాషాశాస్త్ర ఆచార్యుడు. ఆయన ముందుగా భాషలను కల్పించి, ఆ భాషలు మాట్లాడేవారికి ఒక లోకం కావాలి కదా అని కథలు అల్లాడు. తెలుగునాట ఈ పని 2015లో విడుదలైన ‘బాహుబలి’ చిత్రం కోసం జరిగింది. దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి చిత్రంలోని కాలకేయులకు తమిళ గీతరచయిత మదన్ కార్కీ ‘కిలికి’ అనే భాషను రూపొందించాడు. ఆస్ట్రేలియాలో చదువుకునే కాలంలో పిల్లల కోసం ఆటగా కల్పించిన చిన్న భాష దీనికి బీజం. చిత్రం నాటికి అది సుమారు 750 పదాలు, 40 వ్యాకరణ సూత్రాలు గల భాషగా పెరిగింది. ‘మిన్’ అంటే నేను. దానిని తిప్పి పలికితే వచ్చే ‘నిమ్’ అంటే నీవు. వ్యతిరేకార్థాన్ని శబ్దాన్ని తిరగవేయడం ద్వారా సాధించే ఈ ఉపాయం పిల్లల ఆటను తలపిస్తుంది, కాని ఎంతో ఆలోచన ఉన్నది. 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం నాడు, కిలికిని లిపితో సహా నేర్చుకోదలచినవారికి అంతర్జాలంలో అందుబాటులో ఉంచారు.

అయితే ఇక్కడ ఒక లోపాన్ని కూడా గమనించాలి. తెరపై కిలికి వినబడినంతసేపూ అది గర్జనగా, బెదిరింపుగానే వినబడింది. కాలకేయులను నల్లని మేనితో, అనాగరికులుగా చూపారన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శలో న్యాయముంది. నలభై సూత్రాల వ్యాకరణం ఉన్న జాతికి జోలపాట ఉండదా? చనిపోయిన తల్లిని తలచుకొనే మాట ఉండదా? కాలకేయులను గెలవవలసిన శత్రువులుగానే చూపిన కథలో ఆ మాటలకు చోటు దొరకలేదు. పాత్రధారణ క్రీడలో మాత్రం ఎవరో ఒకరు కాలకేయుని పాత్ర ధరించవలసి రావచ్చు. అప్పుడు ఆ భాషలో యుద్ధపు కేకలు మాత్రమే ఉంటే ఆటగాడు నోరు విప్పలేడు.

ఇక పరలోకం. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనూ, తెలంగాణలోని అనేక గ్రామాల పొలాలలోనూ ఇనుపయుగపు బృహత్ శిలా సమాధులు కనబడతాయి. సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో జరిగిన తవ్వకాలలో దాదాపు 40 టన్నుల బరువుగల కప్పురాయి బయటపడింది. ఇటువంటి సమాధులలో మట్టికుండలు, ఇనుప పనిముట్లు, పూసలు లభిస్తాయి. చనిపోయినవానికి కుండ ఎందుకు? కత్తి ఎందుకు? ప్రయాణం ఇంకా మిగిలి ఉందని వారు నమ్మి ఉండాలి. ఆ నమ్మకం మాటలలో మనకు చేరలేదు. తరువాతి కాలపు పల్లెవాసులు ఆ రాళ్ళను చూసి, మనుషులు ఎత్తలేనివి కనుక రాక్షసులు కట్టినవై ఉంటాయని తలచి ‘రాకాసి గుళ్ళు’ అన్నారు. ఒక విశ్వాసం మరుగునపడి, దాని స్థానంలో మరొకటి మొలకెత్తింది. కల్పిత లోకంలో కూడా శిథిలాలకు రెండు కథలుండటం సహజం: కట్టినవారి కథ ఒకటి, చూస్తున్నవారి కథ ఒకటి. రెండవది తప్పయినా సరే, ఆ లోకవాసులు నడిచేది దాని ప్రకారమే.

వీరగల్లులు మరొక పద్ధతిని చూపుతాయి. చాలా వీరగల్లులలో శిల్పం మూడు అంతస్తులుగా ఉంటుంది. కింద యుద్ధం, నడుమ వీరుణ్ణి తీసుకొనిపోతున్న అప్సరసలు, పైన అతడు చేరిన దివ్యలోకం. ఆలమందలను కాపాడుతూ ప్రాణం విడిచిన సామాన్యునికి సైతం ఆ రాయి నిలిపారు. ఆ రాతిని రోజూ చూస్తూ పెరిగిన బాలుడు దొంగలు వచ్చిన రాత్రి ఏమి చేస్తాడో ఊహించవచ్చు. పరలోక విశ్వాసం కథలో పనిచేసేది ఇటువంటి చోటనే. స్వర్గం ఎన్ని ద్వారాలతో ఉందో వర్ణించడం కంటె, ఆ స్వర్గాన్ని నమ్మినవాడు ఏ ప్రమాదానికి సిద్ధపడతాడో తేల్చడం ముఖ్యం.

తెలుగు చలనచిత్రాలు పరలోకాన్ని కచేరీగా మార్చాయి. ‘దేవాంతకుడు’ (1960), ‘యమగోల’ (1977), ‘యమలీల’ (1994), ‘యమదొంగ’ (2007) చిత్రాలలో యమలోకమంటే దస్త్రాలు, లెక్కలు, చిత్రగుప్తుడనే గుమాస్తా. కచేరీ అన్నాక పొరపాట్లు తప్పవు. ‘యమలీల’లో భవిష్యవాణి అనే గ్రంథం భూలోకంలో పడిపోవడమే కథకు మూలం. నవ్వు పుట్టించినా, ఈ చిత్రాలు ఒక నియమాన్ని విడిచిపెట్టలేదు: యముని అధికారం కూడా వ్రాతకు లోబడినదే. నియమం లేని పరలోకంలో మొరపెట్టుకోవడానికి, వాదించడానికి వీలుండదు.

కబురును, పరలోకాన్ని కలిపి ఆలోచించినవాడు మళ్ళీ సూరనే. ఆయన ‘కళాపూర్ణోదయము’లో పసికందైన మధురలాలస ఎదకు ఒక మణి తగలగానే పూర్వజన్మ గుర్తుకు వచ్చి, ఆ కథనంతా చెప్పడం ప్రారంభిస్తుంది. పోయిన జన్మ నుంచి ఈ జన్మకు అందిన వార్త అది. వార్తాహరుడు లేడు, మణి ఒక్కటే సాధనం. మాటలురాని శిశువు నోట ఒక జీవితకాలపు రహస్యాలు సభలో బయటపడతాయి.

ఈ సామగ్రితో కొత్త లోకాన్ని కట్టడం ఎలాగో చూద్దాం. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలంలోని కిష్టారెడ్డిపేట పటాన్‌చెరు పారిశ్రామికవాడకు చేరువలో ఉన్న ఊరు. అక్కడి నలుగురు విద్యార్థులు ఆటకోసం ఒక లోకాన్ని కల్పించదలచారని అనుకుందాం. దిక్కులు చూడనవసరం లేదు. పరిశ్రమలలో పాళీ మారే వేళ మోగే సైరను ఉన్నది. అది వినగానే ఎవరు లోపలికో, ఎవరు బయటకో అందరికీ తెలుస్తుంది. పని కోసం పలు ప్రాంతాల నుంచి వచ్చినవారి భాషలు ఉన్నాయి. సమీపంలోని అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. చలికాలంలో అక్కడికి వలస పక్షులు వస్తాయి. భాద్రపద అమావాస్య నాడు పెత్రమాస వస్తుంది. పోయిన పెద్దల పేరిట బియ్యం, కూరగాయలు ఇచ్చేది ఆనాడే. ఎంగిలిపూల బతుకమ్మ ఎత్తేదీ ఆనాడే. చనిపోయినవారిని తలచుకోవడం, పూలతో పాడుతూ ఆడటం ఒకే రోజున జరిగే సంప్రదాయం కళ్ళెదుట ఉండగా, పరలోకమంటే చీకటిగుహ అని ఎక్కడినుంచో అరువు తెచ్చుకోవలసిన అగత్యం లేదు.

ఆ విద్యార్థుల లోకంలో పోయినవారికి కబురు పంపవచ్చు. కాని పక్షులు తిరిగి వెళ్ళే వేళ మాత్రమే. బదులు మరుసటి చలికాలానికి గాని రాదు. ఒక పక్షి ఒక ప్రశ్ననే మోస్తుంది. అడిగినవారు ఈలోపు ఊరు విడిచి పనికోసం వెళ్ళిపోతే, ఆ సమాధానం చెరువుగట్టున మొదట కనిపించిన వారి చెవిన పడుతుంది. ఇంతే నియమం. ఇప్పుడు తల్లిని పోగొట్టుకున్న ఒక యువకుని పాత్ర ఉంది. ఇంటి పత్రాలు ఎక్కడ దాచావని అడగాలా, లేక చివరి గడియలో నేను దగ్గర లేనందుకు కోపగించావా అని అడగాలా? పత్రాలు దొరకకపోతే ఇల్లు పోతుంది. పైగా సైరను మోగగానే అతడు పనికి వెళ్ళాలి. పక్షులు ఎగిరేది ఆ వేళనే. బల్ల చుట్టూ కూర్చున్నవారు మాటలు ఆపి, పాచికలు చేతిలో ఉంచుకొని, అతని వైపు చూస్తారు.